అక్క వడగట్టిన నీళ్లు

పోయిన ఆదివారం పొద్దున నేను టీ తాగుతూ కూర్చున్నప్పుడు మా మనవరాలు వచ్చి, నా ముందు ఒక ఖాళీ సీసా, నాలుగు మడతల కాగితం పెట్టి, సరూర్‌నగర్ చెరువు దాకా తోడు రమ్మని అడిగింది. చెరువు నీళ్లు పట్టాలట, పక్కన నన్ను నిలబెట్టి పాతకాలం ముచ్చట్లు రెండు రాసుకోవాలట. ఆ పిల్ల యూనివర్సిటీలో పర్యావరణం చదువుతోంది. ఇప్పుడు అది ఒక్క సబ్జెక్టు కాదని, నీళ్లలో కరిగిన వాటి గురించి ఒకరు, ఆ నీళ్లలో బతికే పురుగుల గురించి ఒకరు, నేల వాలు గురించి ఒకరు, నీళ్లు తాగే జనం గురించి ఒకరు, వాటి మీదున్న చట్టాల గురించి ఇంకొకరు, అట్లా ఐదు రకాల పాఠాలు చెప్పి ఒకే పట్టా ఇస్తారని, ఐదుగురు పిల్లలు జట్టుకట్టి ఒకే చెరువు మీద ఒకే ప్రాజెక్టు చేస్తారని ఓపికగా చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. చివరికి వచ్చి, “ఇది కొత్త కోర్సు తాతా, ఇంతకుముందు ఎవ్వరు ఇట్ల అన్నీ కలిపి చదవలే” అన్నది. అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఆ పిల్ల తప్పు లేదు. ఎవరో చెప్పారు, అది నమ్మింది. కానీ అన్నీ కలిపి చదువుతామని బోర్డు పెట్టుకున్న ఒక విభాగంలో, ఆ పిల్ల తండ్రి ఇంకా నిక్కరు వేసుకునే రోజుల్లో, ఇదే సరూర్‌నగర్ చెరువు నుంచి సీసాలు మోసినవాణ్ణి నేను. సీసాలు మోయడంలో నేను చేసిన ఒక తప్పు గురించి ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లకు, అప్పటి ఆఫీసువాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లు చదివితే అర్థం చేసుకుంటారని ఇప్పుడు రాస్తున్నాను. ముప్పై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి కాబట్టి మాట మొరటుగా ఉంటే సర్దుకోండి, మెత్తగా రాయడం నేర్చుకునే వయసు అప్పటికే దాటిపోయింది.

మాది నల్గొండ వైపు ఒక చిన్న ఊరు. మా అక్క పెళ్లయి సరూర్‌నగర్‌కు, అంటే ఇప్పటి కాలనీలకు కాదు, చెరువు పక్కన పాత ఊరిలోకి కాపురానికొచ్చింది. బావ తాపీపని చేసేవాడు. యూనివర్సిటీలో ఎవరో పెద్దాయన ఇల్లు కట్టిన చనువుతో, మా బామ్మర్దికి ఏదన్నా కొలువు చూపించమని అడిగి నన్ను పిలిపించాడు. అటెండరు పనికి సంతకం వస్తే చాలన్నారు. నాకు సంతకం వచ్చు. వచ్చునంటే, ఆడవాళ్లు చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టు, చూసి చూసి అలవాటైన గీతలు గీసేవాణ్ణి, అందులో ఏ గీత ఏ అక్షరమో నాకు తెలియదు. అంకెలు తెలుసు, బస్సు నంబర్లు తెలుసు, అంతకుమించి ఎవరూ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, భార్యను ఊరి నుంచి తెచ్చుకున్నాను. అప్పుడు ఎల్‌బీ నగర్ వైపు వెళ్తుంటే ద్రాక్షతోటలు కనిపించేవి. ఇప్పుడు మెట్రో స్తంభాల మధ్య ఆటోలో పోతూ ఆ తోటలు ఏ వైపు ఉండేవో చూపించమంటే నేను కూడా తడబడతాను.

నన్ను వేసింది ఒక వరండా చివరన నాలుగు గదుల విభాగంలో. దానికి సొంత మనుషులు లేరు. కెమిస్ట్రీ నుంచి ఒక సారు, జువాలజీ నుంచి ఒక మేడం, జాగ్రఫీ నుంచి ఒక సారు, సోషియాలజీ నుంచి ఒక సారు, వాళ్లవాళ్ల డిపార్టుమెంట్ల నుంచి వచ్చి ఇక్కడ కలిసి పనిచేయాలి. పట్నం పెరిగిపోతే చెరువు చుట్టూ నీళ్లు ఏమైపోతున్నాయో నలుగురూ నాలుగు వైపుల నుంచి చూసి ఒక్కమాట చెప్పాలని దాన్ని పెట్టారు. ఆలోచన ఎవరిదోగాని గొప్ప ఆలోచన, ఇప్పటికీ అదే అంటాను. విడివిడిగా చూస్తే నలుగురూ మంచివాళ్లే, పనిమంతులే. అయితే ఆ నలుగురూ ఒక్కచోట కూర్చోగా నేను రెండేళ్లలో ఒక్కసారే చూశాను, అదీ ఫోటో దిగడానికి.

వాళ్లందరి పనీ కలిసేది నా నెత్తిమీద. శనివారం తెల్లవారగానే చెక్కపెట్టె భుజాన వేసుకుని సరూర్‌నగర్ వెళ్లేవాణ్ణి. చెరువు నుంచి, చుట్టుపక్కల నాలుగు చేదబావుల నుంచి నీళ్లు పట్టాలి. ఎర్రదారం కట్టిన సీసా కెమిస్ట్రీకి, పచ్చదారం కట్టింది జువాలజీకి. జాగ్రఫీ సారు ముడులు వేసిన తాడు ఇచ్చేవారు, అది బావిలోకి వదిలి ఎన్ని ముడులు తడిశాయో చూసి చెప్పాలి. సోషియాలజీ సారు దగ్గర చదివే పిల్లలు కాగితాలు పట్టుకుని వస్తే ఏ ఇంట్లో ఎవరున్నారో చూపించాలి. అంటే ఆ నాలుగు బావుల గురించి నలుగురికీ తెలిసిందంతా తెలిసిన మనిషి ఆ యూనివర్సిటీ మొత్తంలో ఒక్కడే, వాడికి చదువు రాదు.

ఆ నాలుగు బావుల్లో ఒకటి మా అక్క వాడలోది. మొదటి శనివారం నేను చేదతో నీళ్లు తోడి సీసాలో పోయబోతుంటే అక్క ఇంట్లోంచి చూసి పరుగున వచ్చింది. “గట్లనే ముంచి ఇస్తవారా పెద్దోళ్లకు? మన ఇజ్జత్ ఏంగాను” అని తిట్టి, బావ పాత ధోవతి ఉతికి చింపిన గుడ్డ తెచ్చి, నాలుగు మడతలు పెట్టి సీసా మూతికి కట్టి తనే పోసింది. గుడ్డ విప్పితే దానిమీద సన్నగా, ఎర్రగా, మెలికలు తిరుగుతూ నాలుగైదు పురుగులు. అక్క వాటిని నా వైపు చూపించకుండా అటు తిరిగి విదిలించింది. మా వైపు ఇంటికొచ్చినవాళ్లకు వడగట్టని నీళ్లిస్తే ఎంగిలి పెట్టినంత తప్పు. నాకూ అందులో వింత ఏమీ కనబడలేదు. మిగతా మూడు బావుల దగ్గర నాకు అక్కలు లేరు కాబట్టి ఉన్న నీళ్లు ఉన్నట్టే పట్టుకుపోయాను. అట్లా రెండేళ్లు, ప్రతి శనివారం, నాలుగు బావుల్లో ఒక్క మా అక్క వాడ బావి మాత్రం మల్లెపువ్వులా యూనివర్సిటీకి చేరింది.

ఇక్కడ జువాలజీ మేడం గురించి చెప్పాలి. ఆవిడది కృష్ణాజిల్లా. నీళ్లలో ఎటువంటి పురుగు బతుకుతుందో చూసి ఆ నీళ్లు ఎంత చెడిపోయాయో చెప్పడం ఆవిడ చదువు. మంచినీళ్లలో ఉండే పురుగు వేరు, మురుగు కలిసిన నీళ్లలో ఉండే పురుగు వేరు. మా అక్క విదిలించిన ఆ ఎర్రపురుగులే ఆవిడ వెతుకుతున్నవని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెట్టె నా చేతికిచ్చిన రోజున ఆవిడ స్వయంగా, నాకోసమే, పెద్దపెద్ద తెలుగక్షరాలతో ఏదో రాసి ఆ కాగితం మూతకు లోపలివైపు అంటించింది. “ఒకసారి చదువుకో, ఏదైనా అర్థం కాకపోతే అడుగు, మొహమాటపడకు” అన్నది. నేను మూత తెరిచి, కళ్లు అటూ ఇటూ ఆడించి, “చదివిన మేడం” అన్నాను. ఆమె నవ్వి వెళ్లిపోయింది. ఆ ఒక్కమాట నా జీవితంలో ఆడిన అబద్ధాలన్నిటిలో చిన్నది.

రెండో ఏడు ఎండాకాలంలో మంచినీళ్ల పైపులు వేస్తారని మాట పుట్టింది. అన్ని వాడలకూ ఒక్కసారి వేయలేమని, ఏ బావి నీళ్లు మరీ చెడిపోయాయో యూనివర్సిటీవాళ్లను అడిగి ఆ వాడలకు ముందు వేస్తామని అన్నారు. అక్క వాడ ఆడవాళ్లంతా అర్జీ మీద వేలిముద్రలు వేశారు. కాగితాలు మా విభాగానికి వచ్చాయి, జవాబు పోయింది. మూడు వాడల పేర్లు వచ్చాయి, అక్క వాడ పేరు రాలేదు. అక్కడి బావిలో పురుగు లేదని, తాగడానికి పనికొస్తుందని రాశారట. అక్క ఆ మాట విని మొదట సంతోషించిందంటే మీరు నమ్మరు. “మన బావి మంచిదటరా, యూనివర్సిటోళ్లే రాసిచ్చిన్రట” అని నాతో గొప్పగా చెప్పింది. వారం తర్వాత పక్క వాడలో పైపుకోసం మన్ను తవ్వుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది. మళ్లీ ఆ గొప్ప నా దగ్గర ఎత్తలేదు. నేను కూడా, మేడం చదువుకున్నది, ఆమెకు తెలియదా అనుకున్నాను. మనకు చదువు లేనప్పుడు చదువుకున్నవాళ్ల మీద ఎంత నమ్మకం ఉంటుందో, అది తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తుంది.

ఆ వానాకాలం చెరువు నిండి మురుగు మోరీలు పొంగాయి, అక్క వాడలో ఇంటింటికీ కామెర్లు వచ్చాయి. మా పెద్ద మేనల్లుడు అప్పుడు ఏడో తరగతి. వాడ మొత్తానికి చదువులో చురుకైనవాడు వాడే, నాకు ఊరి నుంచి ఉత్తరం వస్తే చదివిపెట్టేది కూడా వాడే. జ్వరాల దవాఖానలో కొన్నాళ్లు, ఇంట్లో మంచంమీద కొన్నాళ్లు, మొత్తంమీద ఆ ఏడు పోయింది. మళ్లీ చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి వాడికి నామోషీ అయింది, బడికి పోనన్నాడు, బావ వెంట ఇటుకలు మోయడానికి పోయాడు. ఆ కామెర్ల మీద కూడా మావాళ్లు అధ్యయనం చేశారు. సోషియాలజీ సారు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు, నేనే తిప్పాను. బావి నీళ్లు మంచివని పక్కగదివాళ్లు చెప్పారు కాబట్టి, పిల్లలు బండ్ల మీద తినడంవల్ల జబ్బు వచ్చిందని తేల్చారు. మా మేనల్లుడికి బండి మీద తినడానికి పైసలు ఎవరిచ్చారో వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక నా చదువు సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ, రిటైరైన టీచరు. ఊరి ఉత్తరాలు మేనల్లుడు చదివేవాడని చెప్పానుగదా, వాడు మంచాన పడ్డాక ఒకటి పట్టుకుని ఆవిడ దగ్గరికి పోయాను. చదివి వినిపించి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, “ఏమయ్యా, యూనివర్సిటీలో ఉద్యోగం అంటావు, ఉత్తరం చదువుకోలేవా? రేపటినుంచి పలక తెచ్చుకో, సిగ్గుపడితే కిరాయి పెంచుతా” అన్నది. ఆవిడ కిరాయి పెంచేరకం కాదుగాని మాట మాత్రం అట్లాగే ఉండేది. సాయంత్రం డ్యూటీనుంచి వచ్చి, మా చిన్నవాడి పక్కనే కూర్చుని దిద్దాను. వాడు నాకంటే ముందు ఒత్తులు నేర్చుకుని నన్ను వెక్కిరించేవాడు. పాఠం అయ్యాక ఆవిడ ఏది కనబడితే అది చదివించేది, నూనెడబ్బా, సబ్బుకాగితం, పంచాంగం వెనక అట్ట. ఒక శనివారం నేను పెట్టె భుజాన వేసుకుని బావుల నుంచి నేరుగా ఇంటికి వస్తే, మెట్లమీద కూర్చున్న ఆవిడ, “ఆ మూత తెరువు, అందులో ఏదో రాసుంది, చదువు” అన్నది.

కూడబలుక్కుంటూ చదివాను. సీసాను అదే నీళ్లతో రెండుసార్లు కడగాలి. మూతవరకు నింపాలి. ఎండ తగలనీయకూడదు. నాలుగోది ఎర్రసిరాతో, కింద గీత గీసి ఉంది. నీళ్లు వడగట్టకూడదు, పురుగులు ఉంటే ఉండనివ్వాలి. ఓనరమ్మ, “భేష్, ఒక్క తప్పు లేదు” అన్నది. నేను ఆ నాలుగోది వేలు పెట్టి మళ్లీ చదివాను, మళ్లీ చదివాను. ఏమైందని ఆవిడ అడుగుతోంది, నాకు అక్క చేతిలోని ధోవతి గుడ్డ కనబడుతోంది. అక్షరం వస్తే కళ్లు తెరుచుకుంటాయని అందరూ అంటారు. తెరుచుకున్న కళ్లకు మొదట ఏం కనబడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

సోమవారం పొద్దున్నే మేడం కోసం పోతే ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్లింది, మూడు నెలల దాకా రాదన్నారు. ఆఫీసు సూపరింటెండెంటుకు చెప్తే, ఏదన్నా ఉంటే కాగితం మీద పెట్టమన్నాడు. పెట్టాను. నా చేత్తో నేను రాసిన మొదటి ఉత్తరం అది, ఇప్పటికీ ఒక్కమాట మర్చిపోలేదు. అయ్యా, సరూర్‌నగర్‌లో మా అక్క వాడ బావి నీళ్లు నేను బట్టతో వడగట్టి తెచ్చాను. రెండేళ్లు తెచ్చాను. మూతమీద రాసింది నాకు చదవడం రాలేదు. ఆ బావి మంచిది కాదు.

సూపరింటెండెంటు దానిమీద ఒక స్టాంపు గుద్ది, నలుగురి అభిప్రాయం కావాలని రాసి, తపాల్ బుక్కులో ఎక్కించాడు. తపాల్ బుక్కంటే కాగితం ఎవరికి ముట్టిందో వాళ్లతో సంతకం పెట్టించుకునే పుస్తకం. దాన్ని గదిగదికీ తిప్పేది అటెండరు. ఆ విభాగానికి అటెండర్ని నేనే. అంటే నా తప్పు ఒప్పుకుంటూ నేను రాసిన కాగితాన్ని, నేనే చంకలో పెట్టుకుని, నేనే తలుపు తట్టి, నేనే టేబుల్ మీద పెట్టి, చదివి ఏం రాస్తారో చూస్తూ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

కెమిస్ట్రీ సారు చదివి నవ్వాడు. “బట్ట కడితే ఉప్పు ఆగుతదా ఏంది? నువ్వు బట్ట కట్టినా, బొంత కట్టినా నా లెక్క నాకు కరెక్టే. నా పార్టుకు ఢోకా లేదు” అని సంతకం చేశాడు. జాగ్రఫీ సారు గదిలో గోడమీద ఆ వాడ మొత్తం గీసిన పటం ఉంది. మోరీ గీత చెరువు వైపునుంచి వచ్చి వచ్చి బావి గుర్తు దగ్గర ఆగుతుంది, చదువు లేనివాడికి కూడా తెలిసేంత స్పష్టంగా. ఆయన, “నాకు అప్పుడే డౌటొచ్చింది రా, వాలు సీదా బావికే ఉన్నది. పురుగు లేదని ఆళ్లే రాసిన్రు గద, ఇంకొకరి సబ్జెక్టుల మనం ఏలు పెట్టొద్దు” అన్నాడు. ఆ పటానికీ, మేడం సూక్ష్మదర్శినికీ మధ్య ఒక్క గోడ. ఇటుక గోడ, మా బావ అయితే ఒక పూటలో కూలగొట్టేవాడు. సోషియాలజీ సారు మాత్రం కాస్త బాధపడ్డట్టే ఉన్నాడు. “మా రిపోర్టు ప్రింటయిపోయిందయ్యా, ఇప్పుడొచ్చి చెప్తే ఏం చేస్తాం చెప్పు” అన్నాడు. మేడం గదిలో ఆవిడ లేదు కాబట్టి, వచ్చాక పెట్టమని రాసి ఇచ్చారు. మూడు సంతకాలు, ఒక ఖాళీ. కాగితం మళ్లీ నా చేతికే వచ్చింది. నన్ను ఎవరూ తిట్టలేదు, అది గుర్తుపెట్టుకోండి. తిట్టి ఉంటే ఆ బావి గురించి ఎవరికో ఒకరికి బాధ ఉందనుకునేవాణ్ణి.

అక్కకు చెప్పాలని ఆ సాయంత్రమే పోయాను. చెప్పాను. అక్క బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. తర్వాత, “గుడ్డ కట్టింది నేను గదరా, నువ్వెందుకు ఏడుస్తవ్” అన్నది. కాసేపటికి కోపం వచ్చినట్టుంది, “పురుగులున్న నీళ్లు పెద్దోళ్ల చేతిల ఎట్ల పెడతంరా? రెండేండ్లు మన నీళ్ల మీద సదువుకున్నరు గద, ఒక్కలన్న ఒక్కనాడన్న వచ్చి మన ఇంట్ల గిలాసెడు తాగిన్రా? తాగితే తెలుస్తుండె” అన్నది.

మేడం చంటిపిల్లతో వచ్చింది. కాగితం చదివి నన్ను కూర్చోమన్నది. ఆ విభాగంలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. “చదవడం రాదని ఒక్క మాట చెప్పి ఉంటే నేనే చదివి వినిపించేదాన్ని కదా” అన్నది. సిగ్గయింది మేడం అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, “మోరీ పక్కన రెండేళ్లు ఒక్క పురుగైనా లేని బావి ఉంటుందా అని నాకూ అనుమానం వచ్చింది. అడిగితే మళ్లీ మొదటినుంచి చేయాలి. అడగలేదు” అన్నది. నిజం చెప్పింది, అందుకే ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం. శనివారం నాతో వచ్చి, బావిలో నీళ్లు తనే పట్టింది. పురుగులు అట్లాగే సీసాలోకి పోతుంటే అక్క మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత స్టీలు గ్లాసులో, నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, ఆవిడకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మేడం గ్లాసు తీసుకుని కాసేపు పట్టుకుని, గట్టుమీద పెట్టింది. నాకు తెలుసు, పసిబిడ్డ తల్లి, ఆ నీళ్లు ఎట్లా తాగుతుంది. అక్కకు కూడా తెలిసే ఉంటుంది. మేము వచ్చేటప్పటికి గ్లాసు అక్కడే నిండుగా ఉంది.

మేడం తన పేరుమీద, తన రిపోర్టు తప్పని కొత్త ఉత్తరం రాసి పంపింది. చిన్న సాహసం కాదది. కానీ వరస ఒకసారి తప్పితే తప్పినట్టే, పైపులు మళ్లీ అక్క వాడ దాకా వచ్చేసరికి ఇంకో నాలుగు వానాకాలాలు పోయాయి. విభాగం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఎవరి డిపార్టుమెంటుకు వాళ్లు వెళ్లిపోయారు, బీరువాలు పంచుకున్నారు, బోర్డు దింపి నన్నే స్టోర్‌రూములో పెట్టమన్నారు. అప్పటికి నాకు చదవడం వచ్చు కాబట్టి దానిమీద ఏం రాసి ఉందో దింపుతూ చదివాను.

ఇదంతా మా మనవరాలికి చెరువుకు పోయే దారిలో చెప్పాను. మా మేనల్లుడు ఆటో తెచ్చాడు. వాడిప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఆటో నడుపుతాడు, వాడికీ మనవలు వచ్చారు. నా చేతిలో సీసా చూసి, “ఏం మామా, మళ్ల సీసాలు పట్టినవ్? ఈసారన్న వడగట్టకు” అని అద్దంలోంచి నవ్వాడు. వాడు ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు. వాడు చదివిపెట్టే ఉత్తరాలు ఆగిపోయినందుకు నేను చదువు నేర్చుకున్నాను, ఆ లెక్క వాడికి తెలియకపోతే బాగుండు. తెలుసు, అక్క పోయేముందు చెప్పింది.

మనవరాలు అంతా విని, “అయ్యో” అన్నది, నిజంగానే అన్నది. కాసేపటికి మళ్లీ ఫోనులో ఏదో రాసుకుంటోంది. జట్టులో మిగతా నలుగురూ ఏం చేస్తున్నారని అడిగాను. చైతన్యపురి హాస్టల్లో ఉండే పిల్ల మ్యాపు గీస్తోందట, ఒకబ్బాయి చట్టాలు రాస్తున్నాడట, ఇంకొకరు నీళ్లలో ఏం కరిగిందో చూస్తారట, మరొకరు ఇల్లిల్లూ సర్వే. ఆ మ్యాపులో మోరీలు ఎటు పోతున్నాయో చూశావా అంటే, “అది నా పార్టు కాదు తాతా, నాది పురుగులు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు. లాస్టుకు అన్నీ ఒక ఫైల్ల పెడతం” అన్నది. నాకు కెమిస్ట్రీ సారు గొంతు వినబడింది. ముసలితనంలో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు కాబట్టి మోరీ వైపు చూస్తూ ఊరుకున్నాను. మరి సీసా ఎట్లా పట్టాలో కాగితం ఇచ్చారుకదా, చదివావా అని అడిగాను. తల ఎత్తకుండానే, “చదివిన తాతా” అన్నది.

నాలుగు మడతల కాగితం అప్పటిదాకా ఎవరూ విప్పలేదు, మడతలు ఇంకా పదునుగానే ఉన్నాయి. అక్షరాలు రాక ఆ అబద్ధం ఆడినవాణ్ణి నేను. నాకు సిగ్గు ఒక సాకుగా ఉండేది. ఎమ్మెస్సీ చదివే పిల్లకు ఏం సాకు ఉంది. గట్టుమీద నిలబడి, కాగితం విప్పి, మొదటినుంచి చివరిదాకా నేనే పైకి చదివాను. మేనల్లుడు ఆటోకు ఆనుకుని, పరీక్షలో పాఠం అప్పజెప్పే పిల్లవాణ్ణి చూసినట్టు నన్నే చూస్తూ విన్నాడు.

అక్క వాడ ఉన్నచోట ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు ఉంది. బావి దాని కింద ఎక్కడో పూడిపోయింది. అక్కడి పిల్లలు తాగేది డబ్బా నీళ్లు, కాబట్టి చెరువు ఎట్లా ఉన్నా వాళ్లకు పట్టదు, వాసన వస్తే కిటికీ మూసుకుంటారు. నేను మెట్టు దిగి వంగి సీసా ముంచాను. నింపి పైకి తీస్తుంటే నా ఎడమచెయ్యి నాకు తెలియకుండానే భుజంమీది తువాలు అందుకుని దాని కొస నాలుగు మడతలు వేసింది. మేనల్లుడు దగ్గాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సీసా వెలుగులో పెట్టి చూస్తే అడుగున సన్నగా, ఎర్రగా, మెలికలు తిరుగుతూ ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత అవే. మనవరాలి కళ్లు మెరిశాయి, “సూపర్ తాతా, మస్తు దొరికినయ్” అని నాలుగువైపుల నుంచి ఫోటోలు తీసింది. కాగితంలో నా వంతు గడిలో, మీ చిన్నప్పుడు చెరువు ఎట్లా ఉండేది అన్నదగ్గర మూడు డబ్బాలున్నాయి, బాగు, పరవాలేదు, బాగులేదు, ఒకదానిలో టిక్కు పెట్టమన్నది. కలం తీసుకుని చాలాసేపు పట్టుకున్నాను. రాసే చోటు లేదు.

నీళ్లలో పురుగు కనబడితే సిగ్గుపడి అటు తిరిగి విదిలించింది మా అక్క. అదే పురుగు కనబడితే సంబరపడి ఫోటో తీసింది ఆమె మనవరాలి వరస పిల్ల. ఒకరికి చదువు లేదు, ఒకరికి సిగ్గు లేదు. రెండూ ఉన్న మనిషి ఎవరైనా ఆ ఇద్దరి మధ్యకాలంలో వచ్చి ఉంటే ఆ నీళ్లు బాగుపడేవి. ఆ మధ్యకాలమంతా అక్కడే ఉన్నవాణ్ణి నేను. సీసాలు మోశాను.